ఏడో పోర్టు

మార్చి 4, సోమవారం

నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. మే 31తో టెలిఫోను గది మూసేస్తారు. ఆసుపత్రిలోని ఆరు వందల నలభై ఫోన్లూ కంప్యూటర్ నెట్‌వర్క్ మీదకి వెళ్లిపోతాయి. ఇక ఆపరేటర్లు అక్కర్లేదు. ఆపరేటర్లంటే ఇద్దరమే, అక్కా నేనూ. (సొంత అక్క కాదు, నాకు పని నేర్పిన సీనియరు.) ఈలోగా నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష పాసైతే నెట్‌వర్క్ సెక్షన్‌లోకి తీసుకుంటారు. లేకపోతే వెనక బిల్డింగులో రికార్డు గది. పాత కేసు కాగితాలు వరస పెట్టి కట్టలు కట్టాలి.

అక్క కళ్లజోడు పైకి తోసుకుని మొత్తం చదివింది.

"ఆపరేటర్ కోసం ఆరు నొక్కండి అని వేశాడు చూడు. మనది తొమ్మిదని కూడా తెలీనివాడు మనల్ని తీసేస్తున్నాడు" అంది.

తను పరీక్ష రాయనంది. ఇంకో మూడేళ్లలో రిటైరవుతుంది. "కాగితాలైతే నయం. అవి మోగవు" అంది.

నేను పేరు ఇచ్చేశాను. ఇరవై నాలుగేళ్లు ఫోన్ల దగ్గర ఉన్నాను. కట్టలు కట్టడం నావల్ల కాదు.

రోజూ ఏం చదివిందీ ఒక పుస్తకంలో రాసుకోమని చార్జరాయన చెప్పాడు. అందుకే ఇది. (నెట్‌వర్క్ సెక్షన్ హెడ్డు. మెడలో ఎప్పుడూ చార్జరు వైరు వేలాడుతుంటుందని అక్క ఆ పేరు పెట్టింది. మనిషి మంచివాడే.)

మార్చి 5

పుస్తకం వచ్చింది. 870 పేజీలు. మా ఆయన ప్రెస్సులో మెషీన్‌మ్యాన్. పుస్తకం ఏదైనా ముందు వీపు చూస్తాడు. "బైండింగ్ బాగోలేదు. మే నెల దాకా ఆగదు" అన్నాడు. ఆయన దీవెన అంతవరకే.

మార్చి 9, శనివారం

మొదటి చాప్టరు, కేబుళ్లు. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా చదివాను. ఎనిమిది తీగలు, నాలుగు జతలు, రంగుల వరస. ఒక్కసారికే వచ్చేసింది.

చదువుతుంటే పాత బోర్డు గుర్తొచ్చింది. నేను చేరేనాటికి ఇంకా తీగల బోర్డే ఉండేది. నిలువెత్తు చెక్క బోర్డు, వరసకి ఇరవై రంధ్రాలు, ప్రతి రంధ్రం మీదా పెసరగింజంత దీపం. ఒక చేత్తో తీగ లాగి బయటి లైనులో గుచ్చాలి, రెండో తీగ వార్డు లైనులో గుచ్చాలి. ఇత్తడి ప్లగ్గులు సాయంత్రానికి వేళ్లకి నల్లగా అంటుకునేవి. ఎంత సబ్బు పెట్టినా పోయేది కాదు. కూరగాయల బండి దగ్గర కూడా ఆ వేళ్లు చూసి ఎక్కడ పని చేస్తారని అడిగేవారు.

మాట్లాడటం అయిపోతే దీపం వెలుగుతుంది. అప్పుడు తీగ పీకెయ్యాలి. కానీ దీపాన్ని నమ్మకూడదు. ప్లగ్గు వదులైతే ఊరికే వెలుగుతుంది. చేరిన రోజే అక్క చెప్పింది: "మీట నొక్కి విను. మాటలు వినకు, అది మన పని కాదు. ఊపిరి విను. ఊపిరి లేకపోతే తియ్యి."

ఇరవై నాలుగేళ్లలో ఒక్క కాల్ కూడా మధ్యలో తెంపలేదు. ఇది రాసుకోదగ్గ విషయమే.

మార్చి 14

సబ్‌నెట్ అర్థం కాలేదు.

మార్చి 15

ఇవాళా కాలేదు.

మార్చి 17, ఆదివారం

సబ్‌నెట్ అర్థమైంది. చెప్పింది మా ఆయన.

పేజీ మీద తల పెట్టుకుని కూర్చుంటే వచ్చి, "ఏంటోయ్, ఏమంటుంది?" అన్నాడు. పెద్ద నెట్‌వర్కుని చిన్న చిన్న ముక్కలు చెయ్యాలి, ఎన్ని ముక్కలో చెబితే ఒక్కో ముక్కలో ఎన్ని నంబర్లు పడతాయో చెప్పాలి అన్నాను. ఆయన ఒక పెద్ద షీటు తెచ్చి నేల మీద పరిచాడు. ఒక మడత, రెండు ముక్కలు. ఇంకో మడత, నాలుగు. ఎనిమిది. పదహారు. ముప్పై రెండు.

"ముక్కలు పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది. షీటు మాత్రం అంతే. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది ఇదే" అన్నాడు.

"మరి మొదటి నంబరూ ఆఖరి నంబరూ వాడకూడదట, ఎందుకు?"

"అంచు. కట్టింగులో పోతుంది."

పుస్తకంలో కారణం వేరే ఉంది. కానీ ఇక మర్చిపోను. ఇరవై లెక్కలు చేశాను, పద్దెనిమిది సరిపోయాయి.

"ఇన్నాళ్లూ మీకు నెట్‌వర్కింగ్ వచ్చని చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు అడగలేదు" అన్నాడు.

మార్చి 20

మధ్యాహ్నం భోజనాల టైములో అక్క ప్రశ్నలు అడుగుతోంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. అయినా నా జవాబు తప్పైతే పట్టేస్తుంది. నా గొంతు మారుతుందట. ఇవాళ స్విచ్చి చాప్టరు: కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె అది, ఒక్కో కేబులు గుచ్చే రంధ్రం ఒక పోర్టు.

"స్విచ్చికి తెలీని అడ్రసు వస్తే ఏం చేస్తుంది?"

"అన్ని పోర్టులకీ పంపిస్తుంది. జవాబిచ్చిన పోర్టుని గుర్తుపెట్టుకుంటుంది."

"అంటే వార్డులన్నిటికీ ఫోన్ చేసి 'ఫలానాయన మీ దగ్గర ఉన్నాడా' అని అడగడం. ఆ పని మొదటి నెల నువ్వూ చేశావు. తిట్లు తిన్నావు. దాన్ని ఎవరూ తిట్టరా?"

"తిట్టరు."

"అదృష్టవంతురాలు."

మధ్యలో ఏడు కాల్స్ వచ్చాయి. అక్క పుస్తకంలోంచి తల ఎత్తకుండానే ఏడూ కలిపింది.

మార్చి 28

చదువు తక్కువ, జ్ఞాపకాలు ఎక్కువ. రాసేస్తే వదులుతాయేమో.

మొదటి ఏడాది అక్కా నేనూ ఒకటే కంచం ఒకటే మంచం అన్నట్టుండేవాళ్లం. నా డబ్బాలోంచి అడక్కుండా తీసుకుని తినేది. తర్వాత గదిలో తినకూడదని తనే ఒక నియమం పెట్టింది. తన డబ్బా పట్టుకుని వెనక మెట్ల మీదకి వెళ్లి తినొచ్చేది. నేను బోర్డు చూసుకునేదాన్ని. ఆ తర్వాత నేను వెళ్లేదాన్ని, తను చూసుకునేది. ఓ నాలుగేళ్లు అలా జరిగింది. ఆ నాలుగేళ్లలో మా గది మీద ఒక్క ఫిర్యాదు లేదు. పొల్లు మాట లేదు. "మూడో లైను." "ఇచ్చాను." "ఆపరేషన్ థియేటర్." "ఇచ్చాను." అంతే. ఇద్దరం కలిసి ఒక యంత్రంలా ఉండేవాళ్లం. పని అంటే అదీ. మళ్లీ అలాంటి రోజులు రావు.

ఏప్రిల్ 2

చార్జరాయన సర్వర్ గదిలో సాధన చేయిస్తున్నాడు. చలి. స్వెటర్ వేసుకుని వెళ్లాలి. పాత స్విచ్చి ఒకటి పక్కన పెట్టి ఇచ్చాడు, ఇరవై నాలుగు పోర్టులు. ప్రతి పోర్టు మీదా ఆకుపచ్చ దీపం. పెసరగింజంతే.

"మేడం, ఐదో పోర్టు షట్ చెయ్యండి."

"అవతల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు మేడం. ఖాళీ."

"దీపం వెలుగుతోంది కదా."

ఆయన నవ్వి ఒక కమాండ్ చూపించాడు. అది కొడితే పోర్టులోంచి ఎంత సమాచారం పోతోందో అంకెలు వస్తాయి. మళ్లీ కొడితే, పెరిగాయా ఆగాయా తెలుస్తుంది. బాగుంది. మీట నొక్కి వినడం లాంటిదే.

"మీరు ప్రతిసారీ అది చూడక్కర్లేదు మేడం" అన్నాడు. చూస్తే తప్పేముంది?

ఏప్రిల్ 11

మార్చి 9న ఒక్క కాల్ కూడా తెంపలేదని రాశాను. రద్దీ రోజుల్లో ఒకటో రెండో పోయి ఉండొచ్చు. అవి లెక్కలోకి రావు.

నమూనా పరీక్షలో వందకి 81.

ఏప్రిల్ 16

అక్క సెలవు. ఏటా ఈ రోజు పెడుతుంది. వాళ్ల నాన్న పోయిన రోజు. పెద్దగా కాల్స్ లేవు. పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. అదే పేజీ సాయంత్రం దాకా.

ఏప్రిల్ 27, శనివారం

తప్పాను.

వెయ్యికి 825 రావాలి. 790 వచ్చింది.

పరీక్ష గదిలో చేతి గడియారం, ఉంగరం కూడా తీయించారు. నూట ఇరవై నిమిషాలు. జవాబిచ్చి ముందుకెళ్తే వెనక్కి రావడం లేదు. మొదటి ముప్పై ప్రశ్నలూ తేలిగ్గా పోయాయి. సబ్‌నెట్ ఐదొచ్చాయి, ఐదూ మడతలే. ముప్పై ఎనిమిదోది చేసి చూపించాల్సిన ప్రశ్న. తెర మీద ఒక స్విచ్చి. ఏడో పోర్టు మూసేసి, దానికున్న పనిని పన్నెండో పోర్టుకి మార్చాలి. మూడు నిమిషాల పని.

మూసేముందు అంకెలు చూశాను. పెరుగుతున్నాయి. ఆగి మళ్లీ చూశాను. పెరిగాయి. మళ్లీ చూశాను. ఆగితే మూద్దామని కూర్చున్నాను. అంకెలు ఆగలేదు. నేను తెర మూలనున్న గడియారం వైపు చూసేసరికి పదిహేడు నిమిషాలు పోయాయి. ఆఖరి ఆరు ప్రశ్నలు చదవనేలేదు.

ఏప్రిల్ 28

మా ఆయన పుస్తకం వీపుకి కొత్త గుడ్డ అంటించి, బరువు కింద పెట్టాడు.

ఏప్రిల్ 30

జరిగింది జరిగినట్టు చార్జరాయనకి చెప్పాను.

"మేడం, అది బొమ్మ. ఆ నెట్‌వర్క్ మీద ఎవరూ లేరు. అంకెలు పెరగడం కూడా బొమ్మే."

"తెలుసు."

"తెలిసి పదిహేడు నిమిషాలు ఆగారా?"

ఇంకొక్క అవకాశం ఉంది, మే 18. అది పోతే రికార్డు గదే, నా చేతుల్లో ఏమీ ఉండదన్నాడు. వెళ్లబోతుంటే, "మీలా చూసి తీసేవాళ్లు నాకు కావాలి మేడం. కానీ ముందు పాసవ్వండి" అన్నాడు.

మే 3, శుక్రవారం

సాధన స్విచ్చి మీద కూడా షట్ కొట్టలేకపోతున్నాను. రెండు చేతులూ కీబోర్డు మీదే ఉంటాయి, వేలు కదలదు. ఇది చదువు లోపం కాదు. ఎందుకో నాకు తెలుసు. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఒక కాల్ తెంపాను.

చేరిన రెండో ఏడు, ఆగస్టు. అక్క తనకి నచ్చినవాణ్ణి చేసుకుందని వాళ్ల నాన్న రెండేళ్లుగా మాట్లాడటం లేదు. ఆ మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు. ఎవరిదో కొట్లోంచి. నేనే ఎత్తాను. కూతురు కావాలన్నాడు. అక్క బోర్డు నాకు వదిలి, వరండాలో ఫోను దగ్గరికి పరిగెత్తింది. అక్క పరిగెత్తడం నేను చూసింది అదొక్కసారే. కలిపాను. నాలుగు నిమిషాలకి పెద్ద డాక్టరు బయటి లైను కావాలని అరిచాడు. మూడు బయటి లైన్లూ నిండి ఉన్నాయి. రెండో లైను మీద దీపం వెలిగింది. పీకేశాను. వినలేదు.

అక్క తిరిగొచ్చి, "లైను పోయింది" అంది.

"అవతల ఎక్స్‌ఛేంజీలో ఏదో అయ్యుంటుంది" అన్నాను.

ఆయన మళ్లీ చెయ్యలేదు. తర్వాతి ఏప్రిల్లో పోయాడు. "నేను మాట్లాడుతుంటే ఫోను పెట్టేసింది" అని తమ్ముడితో అన్నాడట. అది చాలా ఏళ్ల తర్వాత అక్కే చెప్పింది. నేను టీ కప్పులు కడగడానికి లేచి వెళ్లాను.

మే 6, సోమవారం

చెప్పాను.

పదకొండు గంటలకి, కాల్స్ పలచబడ్డాక. మూడు ముక్కల్లో చెప్పాను. డాక్టరు, దీపం, వినలేదు. అక్క హెడ్‌సెట్ తీయలేదు. ఒక చెవి బయటికి పెట్టుకుని విన్నది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"అదే. మర్నాడే తెలుసు. కాల్స్ రిజిస్టరులో నువ్వే రాశావు కదే. నా కాల్ ముగింపు మూడు పన్నెండు. డాక్టరుగారి కాల్ మొదలు మూడు పన్నెండు. లైను రెండు. ఎక్స్‌ఛేంజీలో పాడైన లైను అదే నిమిషంలో డాక్టరుగారికి ఎలా బాగుపడింది?"

అప్పుడే ఎక్స్-రే నుంచి కాల్ వచ్చింది. కలిపి మళ్లీ నా వైపు తిరిగింది.

"నాలుగేళ్లు నీతో మాట్లాడలేదు. నువ్వు గమనించావో లేదో."

"గదిలో తినకూడదని..."

"నీతో తినకూడదని."

తర్వాత ఎందుకు తగ్గిందని అడిగాను.

"అలిసిపోయాను తల్లీ. రోజుకి ఎనిమిది గంటలు భుజం భుజం తగిలేలా కూర్చుని కోపం మొయ్యాలంటే మాటలా? నడుం నొప్పొచ్చింది."

"అప్పుడే అడిగెయ్యచ్చు కదా అక్కా."

"అడిగితే ఏడ్చి మానేసేదానివి. నీకు పని నేర్పడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. మళ్లీ ఇంకోదానికి ఎవరు నేర్పుతారు? అయినా, నువ్వే చెబుతావని చూశాను. కొన్నాళ్లు చూశాను. తర్వాత చూడటం మానేశాను."

"నేనే పెట్టేశాననుకుని పోయాడు. దాన్ని నువ్వూ మార్చలేవు, నేనూ మార్చలేను" అంది. ఆ మాటకి గొంతు మారింది. మారిన గొంతుతోనే, "పుస్తకం తియ్యి. ఎక్కడిదాకా వచ్చాం?" అంది.

తీశాను. నాలుగు ప్రశ్నలకి నాలుగూ తప్పు చెప్పాను. ఆమె నాలుగూ పట్టుకుంది.

మే 7

మార్చి 28న రాసింది చదివాను. కొట్టెయ్యలేదు. ఆ రోజులు నేను చూసినంతవరకు అలాగే ఉన్నాయి.

మే 12, ఆదివారం

చార్జరాయన ఆదివారం కూడా వచ్చాడు. ఎవరూ వాడని స్విచ్చి మీద ముప్పై ఒక్కసారి షట్ కొట్టాను. మొదటి పదిసార్లు కళ్లు మూసుకున్నాను. ఆయన చూడనట్టు ఫోను చూసుకున్నాడు.

మే 18, శనివారం

నలభై ఒకటో ప్రశ్న. ఈసారి మూడో పోర్టు. వేలు ఆగింది. అంకెలు ఒక్కసారి చూశాను, ఒక్కసారే. పెరుగుతున్నాయో లేదో చూడటానికి రెండోసారి కొట్టలేదు. షట్ కొట్టాను. మూడో పోర్టు దీపం ఆరిపోయింది. రెండు నిమిషాల ముప్పై సెకన్లు.

861.

బయటికొచ్చి ముందు అక్కకి చేశాను. ఎంగేజ్. మా ఆయనకి చేశాను. "ఎంతొచ్చింది?" అన్నాడు. చెప్పాను. వెనక ప్రింటింగ్ మెషీన్ ఆగిపోయిన చప్పుడు వినిపించింది. షిఫ్టు మధ్యలో ఆయన మెషీన్ ఆపడం నాకు తెలిసి ఇదే మొదలు.

మళ్లీ అక్కకి చేశాను. "నీకే చేస్తున్నా, ఎంగేజ్ వస్తోంది" అంది.

మే 31, శుక్రవారం

చివరి కాల్ 4:52కి వచ్చింది. పిల్లల వార్డుకి దుప్పట్లు కావాలట. స్టోర్సుకి కలిపాను. ఐదింటికి చార్జరాయన వచ్చి ఫోన్ల బోర్డుకి కరెంటు ఆపాడు. ఇరవై నాలుగేళ్లలో ఆ గదిలో ఫ్యాను చప్పుడు నాకు మొదటిసారి వినబడింది.

రిజిస్టర్లు ముప్పై ఎనిమిది. రికార్డు గదికే వెళ్లాలి. అక్క ఒక్కొక్కటీ దులిపి, సంవత్సరాల వరసన పేర్చి, తనే తాడు కట్టింది. నేను చెయ్యి వెయ్యబోతే, "నీకు కట్టలు కట్టడం రాదు, తప్పుకో" అంది. నేను చేరిన రెండో ఏడాది రిజిస్టరు దగ్గర ఆమె ఆగలేదు. నేను ఆగాను.

జూన్ 12, బుధవారం

నెట్‌వర్క్ సెక్షన్‌లో ఎనిమిదో రోజు. నాకు కుర్చీ ఇచ్చారు, బల్ల ఇంకా రాలేదు.

రికార్డు గదికి ఇంతవరకు ఫోను లేదు. పాత రోజుల్లో అంత దూరం తీగ లాగలేదు. ఇవాళ కేబులు వేశారు. పోర్టు నేనే తెరిచాను. కొత్త ఫోను పనిచేస్తోందో లేదో ఒకసారి మోగించి చూడాలి, అది నియమం.

రెండు రింగులకి ఎత్తింది. మొన్నటిదాకా వాడిన గొంతే, ముప్పై ఏళ్ల అలవాటు.

"నమస్కారం, ఎవరు కావాలండీ?"

"నువ్వే కావాలి అక్కా" అన్నాను.

అటువైపు చప్పుడు లేదు. మాటలు లేవు. ఊపిరి ఉంది.

"ఇన్నేళ్ల సర్వీసులో నాకోసం వచ్చిన రెండో ఫోనే ఇది" అంది. తర్వాత దుమ్ము గురించి, కిటికీ గురించి, పక్క బల్ల మీద కునికే గుమాస్తా గురించి చెప్పింది. గది కంపు కొడుతోందంది, కానీ వెలుతురు బాగుందంది. రేపు భోజనానికి వెనక బిల్డింగుకి రమ్మంది.

ఆరు నిమిషాలు మాట్లాడుకున్నాం. ముందు తనే పెట్టేసింది.